తుప్పు పెట్టని చోటు

బోర్డుల పెయింటరుకి పక్షవాతం వచ్చి తగ్గాక కాలు దారికొచ్చింది, మాట దారికొచ్చింది. కుడిచెయ్యి మాత్రం మొండికేసింది. గ్లాసు పట్టుకుంటే నీళ్ళు ఒలికిపోతాయి. బజారులో సగం దుకాణాల పేర్లు రాసిన చెయ్యి అది. చూడ్డానికొచ్చిన ప్రతివాడూ "ఇంకేం, హాయిగా విశ్రాంతి తీసుకోండి" అని చెప్పి పోయాడు. జాలి పడడానికి ఖర్చేమీ ఉండదు. అందుకే అది అందరి దగ్గరా బోలెడంత ఉంటుంది.

ఆయన విశ్రాంతి తీసుకోలేదు. జబ్బుకి ముందు అతికించి వదిలేసిన ప్లాస్టిక్ యుద్ధనౌక బొమ్మని బీరువా మీంచి దింపించాడు. మూరెడు పొడవు, చీపురుపుల్లల కన్నా సన్నటి ఫిరంగులు. తమ్ముడికీ ఇదే పిచ్చి. ప్రతి ఏడూ బొమ్మనౌకల ప్రదర్శనలో అన్నదమ్ములిద్దరూ చెరొకటి పెట్టేవారు. ఈసారి కూడా పెడతానని పెద్దాయన పంతం.

పైన బూడిదరంగు, అడుగున ఎరుపు. రెండూ పిచికారీతో కొట్టేశాడు; దానికి చెయ్యి కొంచెం వణికినా ఫరవాలేదు. చిక్కంతా ఆ రెండూ కలిసేచోట. నీళ్ళు ఎంతవరకు వస్తాయో చెప్పే నల్లటి గీత ముక్కు నుంచి తోక దాకా సాగాలి.

తమ్ముడు కుంచె అందుకున్నాడు. "అన్నయ్యా, గీత నేను లాగేస్తాలే. ఓడ నిజందిలా కనపడ్డానికి పెట్టే తుప్పు మరకలు నువ్వు పెట్టు. వాటికి వణుకే మంచిది."

"అంటే నా చెయ్యి తుప్పుకే పనికొస్తుందనా?"

"అబ్బే, నేనలా అన్లేదు."

"అన్నావు. మీ వదినా నువ్వూ ముందే అనుకుని మరీ అన్నావు."

కుట్టుమిషను దగ్గర్నుంచి భార్య అరిచింది. "మధ్యలో నన్నెందుకు లాగుతారు? లాగాల్సింది గీత!"

ఆయన పాత కాగితాలన్నీ గీతలతో నింపాడు. ఒక్కటీ తిన్నగా రాలేదు, అన్నీ పాములే. విసుగెత్తి కుంచె విసిరేసి భార్య వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆమె లంగాకి అంచు కుడుతోంది. సూది ఉన్నచోటే ఉంది. కదులుతున్నది గుడ్డ.

ఆయన లేచాడు. కుంచెని ఇటుకకి కట్టి, కొన నీటిగీత ఎత్తుకి సరిగ్గా వచ్చేలా నిలిపాడు. ఓడని చెక్కముక్క మీద బంకమట్టితో నిలబెట్టి, గాజుపలక మీద ఉంచి, ఎడమచేత్తో మెల్లగా తోశాడు. కుంచెలో రంగు ఆరినప్పుడల్లా ఆపి, తడిపి, మళ్ళీ తోశాడు. గీత తాడు పట్టినట్టు వచ్చింది. రెండో వైపు తోక దగ్గర మాత్రం, సాయం చేద్దామనుకుందో ఏమో, కుడిచెయ్యి వచ్చి ఇటుకకి తగిలింది. గీత బియ్యపుగింజంత వంకర పోయింది.

తమ్ముడు కళ్ళజోడు ఎత్తి చూశాడు. "దీనికేముంది, పైన కాస్త తుప్పు పెట్టెయ్. ఎవడికీ కనపడదు. మేమంతా చేసేదే."

"తుప్పు నీళ్ళు కారినచోట పడుతుందిరా. మనకి సిగ్గేసినచోట కాదు."

తుప్పు లంగరు కింద పెట్టాడు. డెక్కు మీది నీళ్ళు పోయే రంధ్రాల కింద పెట్టి, టర్పెంటైన్ తడితో కిందికి లాగాడు. ఆ వణుకులోంచి మరకలు నిజంగానే ఏళ్ళ తరబడి కారినట్టు వచ్చాయి. తోక దగ్గర శుభ్రంగా వదిలేశాడు.

ప్రదర్శన రోజు తమ్ముడు చెవిలో గొణిగాడు. "పేరు కింద జబ్బు సంగతి రాయిస్తాను. చూసేవాళ్ళు అర్థం చేసుకుంటారు."

"రాయించావంటే ఓడ తీసుకుని ఇంటికి పోతా. నీతో మాట్లాడను కూడా."

మధ్యాహ్నం ఒకాయన వంగి వంగి చూసి, తోక దగ్గర వేలు పెట్టాడు. "ఇక్కడ గీత వంకర పోయిందండీ."

తమ్ముడు నోరు తెరవబోయాడు. పెద్దాయన మోచేత్తో ఒక్క పోటు పొడిచాడు.

"పోయింది. గీసింది నేనే," అన్నాడు. "ఇటు రండి, లంగరు కింద తుప్పు చూద్దురు గాని. అది కూడా నేనే పెట్టాను."