ఉరిమితే మా అమ్మ, ఉలిక్కిపడితే నా పెప్టైడ్లు

మా విజయనగరంలో ఉరుము వినబడితే చాలు, అమ్మ ఇంట్లో ప్లగ్గులన్నీ పీకేస్తుంది. ఈ రోజు టీవీ, ఫ్రిజ్జులతోపాటు నా కంప్యూటర్‌దీ పీకేసింది. యూపీఎస్ కుయ్‌కుయ్‌మని మొత్తుకుంటే దాన్నీ నొక్కేసింది.

అందులో రోజుల తరబడి నా పీహెచ్‌డీ సిమ్యులేషన్, అంటే కంప్యూటర్‌లోనే చేసే ప్రయోగం, నడుస్తోంది. పెప్టైడ్లనే చిన్న ప్రొటీన్ ముక్కలు నీళ్లలో వాటంతటవే గుంపుకట్టి, ఆ నీళ్లు గడ్డకట్టకుండా ఆపగలవా అని చూడటమే నా పని. కాలేజీ నుంచి వచ్చి నల్లటి తెర చూడగానే అమ్మ దగ్గరికి పరిగెత్తాను.

"ఏటి సేసేసినావే అమ్మా!"

"పిడుగు పడితే కాలిపోదేటి? అయినా ఐసు గట్టకుండా ఆపడమే కదేటే నీ సదువు? ఫ్రిజ్జు తీసి సూడు, ఒక్క ముక్క నేదు. ప్లగ్గు పీకితే సాలు!"

భయపడుతూనే ఆన్ చేశాను. హమ్మయ్య, ఆగేముందు దాకా అంతా సేవ్ అయ్యే ఉంది. పైగా మొన్నటిదాకా చెల్లాచెదురుగా తిరిగిన పెప్టైడ్లు ఒక్కచోట చేరి ఉన్నాయి! సంతోషం పట్టలేక అమ్మకు చూపించాను.

"పాపం, ఉరుముకి బెదిరిపోయి దగ్గరగా సేరినాయే," అంది.

థీసిస్‌లో ఈ కారణం రాస్తే మా గైడ్ ఒప్పుకుంటారంటారా?