కళ్లద్దాలు మడిచిన మధ్యాహ్నం

మా అమ్మాయి చేతిలోని అన్నం ముద్ద కంచంలో వదిలేసి లేచి నిలబడినప్పుడు నాకు మొదటిసారి భయం వేసింది. ఎదురుగా వాళ్ల నాన్న కళ్లద్దాలు తీసి మడుస్తున్నారు, అంతే. కొన్నేళ్ల కిందటి ఆ సంగతి ఇవాళ మళ్లీ గుర్తొచ్చింది. అప్పట్లో ఆయన వేసిన టీవీ సీరియల్‌ను మధ్యాహ్నం పూట తిరిగి వేస్తున్నారని పక్కింటామె సంబరంగా చెప్పి పోయింది. పిల్లలు నిద్రపోయారు కాబట్టి కూర్చుని రాస్తున్నాను.

మాది గద్వాలలో చీరలు నేసే ఇల్లు. ఆయన మగ్గం గుంతలో కూర్చుని నేస్తుంటే అంచు వైపు కూర్చుని అడ్డపోగు నడిపే నాడె అందించడం నా పని. డిగ్రీ చదివిన కోడలికి నాడె పట్టడం నేర్పేసరికి తన జుట్టు సగం నెరిసిందని మా అత్త అందరికీ చెప్పుకునేది. ఆయనకు నేత ఎంతో నాటకమూ అంతే. మా చుట్టుపక్కల గట్టు నుంచి లింగాల దాకా ఏ ఊళ్లో ఆడినా దుష్టపాత్ర ఆయనదే. మా వైపు దుర్మార్గుడంటే, చివరి వరుసలో చాప పరుచుకుని కునుకు తీసేవాడు కూడా ఉలిక్కిపడేలా నవ్వాలి. అలాంటి మనిషిని హైదరాబాదు సీరియల్ వాళ్లు పిలిచి, పేరులేని ఒక దేశానికి నియంతను చేశారు. ఆ నియంత అరవడు. ఒక్కసారైనా గొంతు పెంచడు. "అరవకుండ భయపెట్టాలంట. గది ఎట్లనో తెల్వక సస్తున్న" అని మొదట్లో ఆయన నవ్వేవారు.

షూటింగుల మధ్య ఇంటికొచ్చినప్పుడు మగ్గం మీదే సాధన. మగ్గం చప్పుడులో తగ్గించిన గొంతు తనకే వినబడదు కనుక, మాట అనే ముందు మగ్గం ఆపేవారు. దాంతో చప్పుడు ఆగితే చాలు, ఇంట్లో అందరం ఊపిరి బిగబట్టడం మొదలైంది. ఒకరోజు అత్త అననే అన్నది: "ఏందిరా ఆ చూపు? నేను నీ తల్లిని, నీ సిపాయిని గాదు." ఆయన నవ్వలేదు. "పాత్ర అయిపోయేదాంక ఆ మనిషిని ఇడువొద్దని డైరెక్టర్ సారు చెప్పిండు" అన్నారు, అదే గొంతుతో. నాటకాల వేషమైతే తెల్లారేసరికి కొబ్బరినూనెతో పోయేది. దీన్ని దేనితో తుడవాలో ఎవరికీ తెలియదు.

పోగులు అతకడానికి పెట్టుకునే కళ్లద్దాలను పని ముగిశాక మెల్లగా మడిచి జేబులో వేసుకోవడం ఆయన అలవాటు. అది చూడగానే ఇక ఆటేనని పిల్లలు మీదికెక్కేవారు. సెట్‌లో ఆ తీరు డైరెక్టరుకు నచ్చి, దాన్ని నియంతకు పెట్టాడు. నియంత కళ్లద్దాలు మడిచాడంటే, ఎదురుగా ఉన్నవాడు తర్వాతి భాగానికి బతికి ఉండడు. మా వీధంతా చూసింది. "అన్నా, జర కండ్లద్దాలు పెట్టుకునే మాట్లాడు, నాకు పిల్లలున్నరు" అని పక్కింటాయన ఆటపట్టించేవాడు. మా పిల్లలూ చూశారు. వాళ్లేమనుకున్నారో మేమెవరం అడగలేదు.

అన్నం దగ్గర అమ్మాయి లేచి నిలబడిన ఆ మధ్యాహ్నం, ఆయన చేతులు కడుక్కోవడానికి పెరట్లోకీ నేను మజ్జిగ తేవడానికి లోపలికీ వెళ్లి వచ్చేసరికి అమ్మాయి లేదు, దాని తమ్ముడూ లేడు. వీధిలో లేరు, ఇరుగుపొరుగు మగ్గాల గుంతల్లో లేరు. అత్త బావి వైపు పరుగెత్తింది. ఆయనా నేనూ వెతుక్కుంటూ బస్టాండు దాకా పోతే, వనపర్తి బస్సు దగ్గర కండక్టరు మా వాలకం చూసి పిలిచాడు. "మీ పిల్లలేనా అమ్మా? పెద్దమందడిల అమ్మమ్మ దగ్గరికి పోతరంట. ఎందుకు బిడ్డా అని అడిగితే, మా నాయిన మమ్ముల్ని చంపుతడు అంటున్నది. ఏంది కథ?"

మమ్మల్ని చూడగానే అమ్మాయి తమ్ముణ్ని వెనక్కి నెట్టి అడ్డంగా నిలబడింది. ఆయన చేతులు చాచి "రా బిడ్డా" అన్నారు. ఆ తగ్గించిన గొంతే వచ్చింది. అది ఆయనకూ వినబడింది. అరచేత్తో నోరు మూసుకుని బస్టాండు నేల మీదే కూలబడిపోయారు. ఇంటికొచ్చే దారంతా ఆ చెయ్యి నోటి మీది నుంచి తీయలేదు, తీస్తే ఏ గొంతు వస్తుందోనన్నట్టు.

మర్నాడు పిల్లలు లేవకముందే షూటింగుకు వెళ్లిపోయారు. ఒప్పుకున్న పాత్ర ఇంకా సగం మిగిలే ఉంది. పెద్దవాళ్లం కొన్నాళ్లు పోతే అన్నీ సర్దుకుంటాయని కాలం మీద భారం వేసి కూర్చుంటాం. పిల్లలకు కాలమంటే నాన్న వెళ్లిన రోజు, తిరిగొచ్చే రోజు. జడ వేస్తుంటే అమ్మాయి అడిగింది: "మళ్ల వచ్చేది మన నాయినేనా?" ఇద్దర్నీ దగ్గరికి తీసుకుని చెప్పాను: "నాకు గూడ తెల్వదు బిడ్డా. వచ్చినప్పుడు ముందుగాల నేను పోయి చూస్త. నాయినే అయితే పిలుస్త. నేను పిలిచేదాంక మీరు నాయినమ్మ దగ్గర్నే ఉండుండ్రి."