మూడు చీరలు, రెండు లుంగీల దూరం

మా డ్రిల్ సారు పోయారని మొన్న పొద్దున మా ఊరు నగరి నుంచి ఫోన్ వచ్చింది. అప్పుడు నేను తిరుపతిలో, నేను పనిచేసే లాడ్జి కౌంటర్లో ఉన్నాను. వేడినీళ్లు రాలేదని ఒకాయన ఎదురుగా నిలబడి అరుస్తున్నాడు. ఆయన గదికి బకెట్ పంపించి, ఇంకో ఇద్దరికి తాళాలిచ్చి, అప్పుడు గానీ ఏడవలేకపోయాను. ఈ ఉద్యోగంలో ఏడుపు కూడా వరుసలో నిలబడాల్సిందే. మధ్యాహ్నం బస్సెక్కాను.

సారుకు లోకంలో ఉన్నది ఒకటే తగువు. పాతకాలం ఫాస్ట్ బౌలర్లు నిజంగా ఎంత వేగంగా వేసేవాళ్లు? బడి ఎదురుగా టీ అంగట్లో ఎవరైనా “ఇప్పటోళ్లదే స్పీడు సార్, టీవీలో సూపిస్తాండారు గదా” అంటే చాలు, గ్లాసు కింద పెట్టేసేవారు.

“ఎంతనేది తర్వాత. యాడ కొలిచినారో సెప్పప్పా ముందు. ఇప్పుడు సేతిలోంచి ఇడిసినప్పుడే కొలస్తాండారు. ఆ కాలంలో బంతి బ్యాటు కాడికి పొయ్యేదాకా కొలిచినారు. నేలకు తగిలినాక దాని ఊపు తగ్గిపోతాది. రెండూ ఒగటెట్లయితాయి?”

అవతలివాడు ఒప్పుకునేదాకా వదిలేవారు కాదు. ఈలోగా టీ చల్లారిపోయేది.

బళ్లో పిచ్ వేసింది ఆయనే. టేపు దొరకలేదు. మాది నేతగాళ్ల ఊరు, గజాలకేం కొదవ? ఇంటి నుంచి మూడు చీరలు, రెండు లుంగీలు తెచ్చారు. చీర ఆరు గజాలు, లుంగీ రెండు. పిచ్‌కు కావాల్సిన ఇరవై రెండు గజాలు సరిపోయాయని అటూ ఇటూ స్టంపులకు గుంతలు తవ్వి సిమెంటు పోయించారు. దాని మీదే, నేను పదో తరగతిలో ఉండగా, ఆటల పోటీల స్టాప్‌వాచ్ పట్టుకుని నా బౌలింగ్ కొలిచారు. ఇరవైసార్లు వేయించి, సగటు తీసి, గంటకు ఎన్ని కిలోమీటర్లో కాగితం మీద లెక్కగట్టి గట్టిగా అరిచారు.

“నూట ముప్పై రా నాయనా!”

ఒకరోజు కీపర్ మగ్గం పనికి పోతే సారే గ్లౌజులు తొడుక్కుని నిలబడ్డారు. నా బంతికి ఆయన కుడిచేతి చిటికెన వేలు విరిగింది. నేను ఏడుస్తుంటే, “నీ తప్పేముందిరా, అడ్డం పోయింది నేను గదా” అని నవ్వారు. పుత్తూరుకు పోయి కట్టు కట్టించుకుని, పోటీలున్నాయని వారానికే తానే విప్పేశారు. ఆ వేలు పక్కకు తిరిగి అట్లాగే ఉండిపోయింది.

నేను జిల్లా జట్టు దాకా కూడా పోలేదు. మోకాలు పోయింది, చదువు అంతంతమాత్రం. కానీ నూట ముప్పై మిగిలింది. పెళ్లయిన కొత్తలో మా ఆవిడకు చెప్పాను. లాడ్జికి వచ్చిన కుర్రాళ్లకూ చెప్పేవాణ్ణి. చెప్పుకోవడానికి నాకు ఇంకేమీ లేదు మరి.

రెండేళ్ల కిందట బ్రహ్మోత్సవాల రద్దీలో, కౌంటర్ ముందుకు ఎవరో వస్తే తలెత్తకుండానే “రూము కావాలా సార్?” అన్నాను.

“రూమొద్దు నాయనా. నీకొక మాట సెప్పిపోదామని వచ్చినా.”

డ్రిల్ సారు! ఆ వయసులో, ఆ జనంలో బస్సు పట్టుకుని వచ్చారు.

“మన పిచ్ రెండు గజాలు పొట్టి అబ్బా. కొత్త పిల్లకాయలు టేపు పెట్టి సూసినారు. ఆ సీరల్లో జాకెట్టు గుడ్డలు మా ఇంటామె ముందే కత్తిరించేసుండాది, నాకు తెలీలేదు. నీది నూట ముప్పై కాదు, నూట పద్దెనిమిది. లోకాన్నంతా యాడ కొలిచినారని అడిగినా గానీ, నేను కొలిచింది సూసుకోలేదు.”

నాకు ఒళ్లు మండింది. ఉన్నది అదొక్కటే, అదీ లాక్కోవడానికి ఇంత దూరం రావాలా?

“ఇప్పుడెవరిక్కావాల సార్ అదంతా? పక్కకు జరగండి, ఎనకాల జనముండారు” అన్నాను.

ఆయన జరిగారు. కాసేపు గోడవారగా నిలబడి, కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయారు. తర్వాత నేను ఒక్కసారైనా ఫోన్ చేయలేదు. అలిసిపోయి ఉన్నానని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

నగరిలో దిగి వెళ్లేసరికి సారు ఇంటి ముందు జనం ఉన్నారు. టీ అంగడాయన నన్ను గుర్తుపట్టి దగ్గరికొచ్చాడు.

“మొన్నటిదాకా నీ గురించే తగువబ్బా. ‘ఏం సార్, మీవోడిది నూట పద్దెనిమిదేనంట గదా’ అని పిల్లకాయలు ఎగతాళి సేస్తే, సెయ్యి సాపి ఆ వంకర ఏలు సూపించేవోడు. ‘పిచ్ పొట్టిదే, ఒప్పుకుంటా. వాని బంతికి ఇరిగిన ఈ ఏలును యాడ కొలిచినారో సెప్పండ్రా’ అనేవోడు.”

లోపలికి వెళ్లాను. చేతుల బొటనవేళ్లు రెండూ కలిపి గుడ్డ పీలికతో కట్టారు. తక్కిన వేళ్లన్నీ ఒద్దికగా ఉన్నాయి. ఆ చిటికెన వేలు మాత్రం పక్కకు తిరిగి బయటికే ఉంది. ఆయన కొడుకు దాన్ని రెండుసార్లు లోపలికి సర్దాడు. రెండుసార్లూ మళ్లీ బయటికే వచ్చింది.

మూడోసారి చెయ్యి పెట్టబోతుంటే, “ఉండనీబ్బా” అన్నాను.