నీళ్ళు లేని యొర్దాను

ఇంజనీరు మావయ్య పోయేరన్న కబురు నాకు పొట్టంగి ఘాటీ దారిలో అందింది. పొట్టంగిలో ప్రార్థన కూడిక ముగించుకుని బస్సులో కొరాపుట్ తిరిగొస్తున్నాను. అత్తమ్మ ఫోను చేసింది. "నాయినా, మీ మావయ్య అన్నం తిని నడుం వాల్చేరు. టీ పెట్టి లేపితే లెగలేదు," అంది. గొంతు వణకలేదు. బతుకంతా నర్సు పని చేసిన మనిషి. బస్సు ఒక మలుపు తిరిగింది. అప్పుడంది: "గోడ అలాగే ఉండిపోయింది, నాయినా."

చావు కబురు వింటే నా నోటికి బైబిలు వాక్యం దానంతటదే వస్తుంది. సువార్తికుణ్ణి, ఎన్నో గుమ్మాల్లో నిలబడి చెప్పినవాణ్ణి. ఆ రోజు రాలేదు. కళ్ళముందు ఆ గోడే నిలబడింది.

ఆయన మాకు రక్తసంబంధం కాదు. మా వీధిలో చివరి ఇల్లు. విజయనగరం వైపునుంచి కుర్రతనంలో వచ్చి, మా కొండల మధ్య జలాశయాలు కట్టే కొలువులో చేరి, ఇక్కడే రిటైరై ఇక్కడే ఉండిపోయేరు. మా తెలుగు క్రైస్తవ సంఘంలో చిన్నా పెద్దా అందరికీ ఇంజనీరు మావయ్యే. ఆదివారం ఆఖరి బెంచీలో కూర్చునేవారు. ప్రభువు బల్ల జరిగినప్పుడు, మనసులో దోషం లేనివాళ్ళు తీసుకోవలసిన రొట్టె పళ్ళెం తన దగ్గరికొస్తే తీసుకోకుండా పక్కవాళ్ళకి అందించేసేవారు. ఎందుకని ఎవరూ అడగలేదు. నాకు అడక్కుండా ఉండటం రాదు కనక అడిగేను. అరచేతులు తిప్పి చూసుకుని, "ఇంకా ఆరలేదురా," అన్నారు.

కొలువు దిగిన ఏడాదే బొమ్మలు మొదలెట్టేరు. నేర్పినవాడు లేడు. నక్షాలు గీసిన చెయ్యి కదా, కొండ గీస్తే వాలు తప్పేది కాదు. చెట్టు గీస్తే ఎంత దూరాన ఉందో చూసినవాడు చెప్పొచ్చు. రంగులు విశాఖపట్నం నుంచి తెప్పించుకునేవారు గానీ ఎరుపు మాత్రం బోరిగుమ్మ సంతలో కొనేవారు. ఊళ్ళలో ఆడోళ్ళు గోడలకి పూసుకునే ఎర్రమట్టి. దాన్ని నానబెట్టి, పాత బనీనులో వడగట్టి, జిగురు కలిపేవారు.

"రిటైరైనోళ్ళు పొద్దున్నే నడకకెళ్తారు. మా ఇంటాయన మట్టి పిసుకుతారు," అని అత్తమ్మ వచ్చినోళ్ళందరికీ చెప్పేది.

"దేవుడు కూడా మట్టి పిసికే మనిషిని సేసేడు," అనేవారు మావయ్య తల ఎత్తకుండా.

"ఆయన ఆరోరోజుకి ముగించేడు. మీరెప్పుడు ముగిస్తారు?"

నేను ఆ వరండాలో కూర్చుని టీ తాగుతూ చాలా బొమ్మలు చూసేను. కొండలు, ఇప్పచెట్లు, చోడి చేలు, పెంకుటిళ్ళు, ఇంటిముందు అరుగులు. ప్రతి బొమ్మలోనూ కిందవైపు కొంత కాగితం తెల్లగా వదిలేసేవారు. పొరపాటున మిగిలినట్టు ఉండేది కాదు, గీత గీసినట్టు ఉండేది.

"ఇదేటి మావయ్యా, ఇక్కడ ఏదో వెయ్యాలా?"

"నీళ్ళు."

"మరి నీళ్ళు తెల్లగుంటాయేటి?"

"ఉండవు. నేనింకా వెయ్యలేదు."

ఆయన టీ గ్లాసు ఎప్పుడూ వేలెడు వెలితిగా ఉండేది. అంచుదాకా పోస్తే ముట్టేవారు కాదు. బకెట్టు కింద కుళాయి తిప్పితే తనే వెళ్ళి మధ్యలో కట్టేసేవారు. వానాకాలం పగటి కునుకులోంచి ఉలిక్కిపడి లేచి, "ఎక్కడిదాకా వచ్చింది?" అని అడిగేవారు. మాది కొండమీది ఊరు. వీధిలో చీలమండ తడిసేటన్ని నీళ్ళు కూడా నిలవవు. అత్తమ్మ విసుక్కోకుండా, "ఇంకా దూరంగానే ఉంది, పడుకోండి," అనేది. ఆ జవాబు ఆవిడ నోటికి అలవాటైపోయింది.

ఒక ఆదివారం నేను యొర్దాను రాళ్ళ మీద ప్రసంగించేను. బైబిల్లో జనం ఆ నది దాటినప్పుడు అడుగునున్న రాళ్ళు మోసుకొచ్చి ఒడ్డున నిలబెట్టమన్నాడు దేవుడు. రేపు పిల్లలు ఈ రాళ్ళేమిటని అడిగితే, దాటించినవాడి పేరు చెప్పాలని. నా ప్రసంగం మెత్తగా ఉండదు, మీలో విన్నవాళ్ళకి తెలుసు. బల్ల గుద్ది, "నీ చేత్తో నిలబెట్టిన రాయేది? నీ పిల్లలడిగితే ఏం చెబుతావు?" అని ఆఖరి బెంచీదాకా వేలు చూపించేను. మావయ్య లేచి బయటికి వెళ్ళిపోయేరు.

కూడిక అయ్యేక చూస్తే నా మోటారుసైకిలు పక్కన నిలబడి ఉన్నారు. "బండి తియ్యి. నేను నిలబెట్టిన రాయి సూపిస్తాను," అన్నారు.

చాలా దూరం వెళ్ళేం. ఆయన కుర్రతనంలో పనిచేసిన జలాశయం అది, పేరు ఇక్కడ రాయను. ఎండాకాలం, నీరు బాగా దిగిపోయి ఉంది. ఒడ్డున బీటలువారిన మట్టి దాటి, కొండవాలున ఒక పల్లె. పల్లె అంచున నడుమెత్తు రాయి, దానిమీద ఆకుల పందిరి. రాయికి కుంకం, పాదం దగ్గర బియ్యం గింజలు, ఎండిపోని కోడి ఈకలు. పొద్దున్నే పూజ జరిగినట్టుంది.

నా రక్తం మరిగింది. రాతికి మొక్కేవాళ్ళ గురించి ప్రవక్తలు ఏమన్నారో నాకు కంఠస్థం. నోరు తెరిచేను. మావయ్య నా మోచెయ్యి పట్టుకున్నారు.

ఇంతలో దేశియా అనే అక్కడి కొండజనంలో ఒక ముసలాయన గొంగళి కప్పుకుని వచ్చి, ఏ ఊరని అడిగేడు. చెప్పేం. "ఠాకురాణి తల్లికి దణ్ణమెట్టుకోండి బాబూ," అన్నాడు వాళ్ళ భాషలో. "నీళ్ళు కింద మా పాత ఊరు తినేసేయి. చేలు తినేసేయి. ఇక్కడిదాకా వచ్చేయి. ఈ తల్లే ఆపింది. పెద్ద వానలు పడ్డ ఏడు కూడా దీని పాదం తడిపి వెనక్కి పోతాయి, దాటి రావు." మాకు కూర్చోడానికి చాప తెచ్చి వేసేడు. తాగడానికి చోడి అంబలి తెచ్చేడు. మావయ్య రెండు చేతులా అందుకున్నారు గానీ తాగలేకపోయేరు.

ముసలాయన వెళ్ళేక మావయ్య చెప్పేరు. కొలువులో చేరిన కొత్తలో, నిండితే నీరు ఎక్కడిదాకా వస్తుందో కొలిచి, లోయ చుట్టూ గుర్తురాళ్ళు పాతించింది ఆయనే. కొలిచిందీ ఆయనే, సున్నం కొట్టించి గీత పెట్టించిందీ ఆయనే. ఆ రాయికన్నా పైనున్నది ఉంటుంది. కిందున్నది ఉండదు. కొన్నాళ్ళకి తనిఖీకి వచ్చేసరికి ఈ రాయికి కుంకం, పందిరి. సర్కారు తెచ్చి నిలబెట్టిన దేవత అనుకున్నారు జనం. కింద ఊళ్ళోంచి ఒక ముసలమ్మ ఎక్కొచ్చి, ముక్కుకి మూడు ముక్కెరలు, చేతిలో ఆకుడొప్ప, ఈయన్ని అడిగిందట: "బాబూ, ఈ తల్లిని నువ్వే తెచ్చేవట. ఏటి కోరుకుంటాది?"

"ఏటి సెప్పేరు?"

"ఏమీ కోరదన్నాను."

గాలికి పందిరి ఆకులు గలగలమన్నాయి. ఆయన రాయి వైపు చూడలేదు, కింద నీళ్ళ వైపే చూస్తున్నారు.

"ఊళ్ళోవాళ్ళకి సెప్పడం నా పని కాదు, దానికి వేరే ఆఫీసుంది అనుకున్నాను. అప్పటికి ఆకలేస్తంది. ఆళ్ళు కోడి కోసి వండేరు. ఆళ్ళ పక్కన కూకుని తిన్నాను," అన్నారు. "ఆ ఆఫీసోళ్ళు ఎప్పుడొచ్చేరో, ఏటి సెప్పేరో. నీళ్ళు మాత్రం నేను గీసినకాడికే వచ్చేయి. నీరు పరిగెత్తుకుని రాదురా. మనిషి కూకున్న సోటికే వస్తాది."

"ఆ ముసలమ్మ?"

"తెలీదు." లేచి పందిరి బయటికొచ్చి అన్నారు: "నన్ను తిట్టినా బాగున్ను. ఈ రాయికి దణ్ణమెడతన్నారు."

తిరిగొచ్చేముందు ఆ పల్లెవాళ్ళకి సువార్త చెబుతానన్నాను. "సెప్పు," అన్నారు. "ఆ రాయి దేవత కాదని సెప్పాలంటే అదేటో కూడా సెప్పాలి. సెప్పగలవేటి?" సోదరులారా, నేను బండి స్టార్టు చేసేను.

ఆ తరవాతే మా సంఘంలో కొత్తగా మనుషుల్ని నీళ్ళలో ముంచి బాప్తిస్మమిచ్చే తొట్టి కట్టించేం. వెనక గోడమీద యొర్దాను నది వేయించాలని పెద్దలు తీర్మానించి మావయ్యని అడిగేరు. ఒప్పుకోరనుకున్నాను. ఒప్పుకున్నారు. "ఇది వెయ్యగలిగితే, వచ్చే నెల బల్లలో సెయ్యి పెట్టి రొట్టె తీసుకుంటాను," అని నాతో మాత్రం అన్నారు. అదీ ఆయనకి ఆ గోడతో ఉన్న పని.

రోజూ పొద్దున్నే వచ్చేవారు. మేస్త్రీలు మట్టం చూసుకునే పారదర్శకపు గొట్టంలో నీళ్ళు నింపి, ఈ కొసా ఆ కొసా పట్టించి, గోడకి అడ్డంగా గీత గీసేరు. "ఇలాటి గీత కంటితో గియ్యకూడదు. నీటినే అడగాలి," అనేవారు. గీతకి పైన ఆవలి ఒడ్డు. కొండలు మా కొండలే. ఒడ్డున జనం బారుగా నిలబడ్డారు. ఆడా మగా, గొంగళ్ళు, భుజాన పిల్లలు. నది వైపు చూడరు. గోడ ముందు ఎవరుంటే వాళ్ళ మొహంలోకి చూస్తారు. మధ్యలో ఒక ముసలమ్మ, మూడు ముక్కెరలు. గీతకి కింద ఉత్త సున్నం.

సంఘపెద్ద ఒకాయన వచ్చి చూసేరు. "బొమ్మ జీవముట్టిపడతంది, కాదనను. కానీ యొర్దాను ఒడ్డున దేశియా ముసలమ్మలేటి మావయ్యా? బాప్తిస్మమిచ్చే యోహానేడి?"

"నీళ్ళలో ఉన్నాడు."

"నీళ్ళేవి?"

"అదే రావట్లేదు."

ఆయన నీలం కలిపేవారు. కుంచె ముంచేవారు. గోడదాకా వెళ్ళి ఆగిపోయేవారు. మళ్ళీ కుంచె కడుక్కునేవారు. అన్నం తెచ్చిన అత్తమ్మ అలా ఒకరోజు చూసి, "ఆనకట్ట నింపినోడికి గోడ నింపడం రాలేదు," అంది. నవ్వుతూ అనబోయింది గానీ నవ్వు రాలేదు. మావయ్య స్టూలు దిగి ఆవిడ పక్కన కూర్చున్నారు. "ఒకసారి ఈ సేత్తోనే ముంచేను కదే. ఆళ్ళని మళ్ళీ నిలబెట్టి, మళ్ళీ ముంచమంటావేటి?" అన్నారు. ఆవిడ క్యారేజీ విప్పింది.

ఆ రోజే నన్ను ఒకటి అడిగేరు. "జలప్రళయమప్పుడు నోవహు ఓడలోకెక్కినోళ్ళు ఎవరో రాసుంది కదా. తలుపు మూసేక బయటుండిపోయినోళ్ళ పేర్లు ఎక్కడైనా ఉన్నాయేటి?" నా బైబిలు ఎప్పుడూ సంచిలోనే ఉంటుంది. తీసి, తెలిసిన చోటల్లా వెతికేను. లేవని నాకు ముందే తెలుసు. అయినా ఆయన చూస్తున్నారు కనక వెతుకుతూనే ఉన్నాను.

ఈస్టరు దగ్గరకొచ్చింది. రాయగడ నుంచి సైన్‌బోర్డులు రాసే పెయింటరుని పిలిచి ఆ కింద నీలం కొట్టించేద్దామని పెద్దల మీటింగులో అన్నారు. నేను లేచేను. తన మందిరమైన ప్రత్యక్ష గుడారానికి పనివాణ్ణి దేవుడు పేరుపెట్టి పిలిచేడు, వాడి చేతిలో పని పూర్తి కాకముందు ఇంకొకణ్ణి పంపలేదు అని గర్జించేను. పెద్దలు ఈస్టరు ముందు శనివారందాకా గడువిచ్చేరు. ఆ శనివారం రాకముందే మావయ్య పోయేరు. మంచం పక్కన గిన్నెలో కలిపిన నీలం ఎండి పగుళ్ళిచ్చింది. బల్లలో చెయ్యి పెట్టకుండానే సమాధి చేసేం. పెట్టె మూసేముందు ఆయన చేతులు నేనే ముట్టుకున్నాను. పొడిగానే ఉన్నాయి. అది ఆయనకి చెప్పే వీలు లేకపోయింది.

శనివారం పెయింటరు రంగు డబ్బాలతో వచ్చేడు. వచ్చేసరికి అత్తమ్మ తొట్టి గట్టుమీద కూర్చుని ఉంది. "ఆయన ముంచనోళ్ళని నువ్వు ముంచుతావేటి బాబూ? టీ తాగి ఎల్లు," అంది. అతను గోడమీది మొహాలకేసి చూసేడు. టీ తాగేడు. డబ్బాలు విప్పకుండా వెళ్ళిపోయేడు. పెద్దలు మరి ఇంకెవర్నీ పంపలేదు.

ఈస్టరు పొద్దున్న తొట్టి నింపేం. పాస్టరు గారికి సాయంగా నేనూ నీళ్ళలోకి దిగేను. జనం పాడుతున్నారు. మొదటగా బాప్తిస్మం తీసుకోవలసిన పిల్ల తెల్ల బట్టల్లో వచ్చి పైమెట్టు మీద ఆగిపోయింది.

"రా అమ్మి, బయమేటి?" అన్నాను చెయ్యి చాపి.

ఆమె నన్ను చూడటం లేదు. నా తలమీదుగా గోడని చూస్తోంది. "ఆళ్ళ కాళ్ళు తడిసిపోతన్నాయి, అన్నయ్యా," అంది.

వెనక్కి తిరిగేను. తూర్పు కిటికీలోంచి ఎండ తొట్టిలో పడి, నీటి మీంచి లేచి గోడకి తగులుతోంది. గీతకింద ఉత్త సున్నంమీద వెలుగు అలలు అలలుగా కదులుతోంది. ముందు బెంచీల్లో పాట ఆగింది. వెనక అత్తమ్మ లేచి నిలబడింది. పాస్టరు గారూ నేనూ నీళ్ళు కదపకుండా నిలబడ్డాం. తొట్టిలో నీరు సద్దుమణిగింది. బయట పొద్దు ఎక్కుతోంది. గోడమీద వెలుగు గీత దాటి, ఆవలి ఒడ్డున ఉన్నవాళ్ళ పాదాలమీంచి, చీలమండల మీంచి, తొందర లేకుండా పైకి పాకుతోంది. ఆ ముసలమ్మ మమ్మల్నే చూస్తోంది.