నా లైసెన్సు మీద ఆమె పేరు

పాప పుట్టాక ఆరు నెలల సెలవు ముగించుకుని గన్నవరంలోని మా ఆఫీసుకు తిరిగి వెళ్ళిన రోజది. బిల్డింగ్ ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్ ఎంతకీ తెరుచుకోలేదు. చూస్తే, కంపెనీ నాకిచ్చిన లైసెన్సు పక్క సీటు షకీలా గారి పేరు మీద రిజర్వు అయి ఉంది. లైసెన్సు లేకపోతే నాకు పని లేదు. పని లేని మనిషిని ఎన్నాళ్ళు ఉంచుకుంటారు? ఆమె పాప గురించి నవ్వుతూ అడుగుతుంటే, ఆ నవ్వు మీద కూడా అనుమానమే కలిగింది.

మధ్యాహ్నం క్యారేజీలు విప్పేసరికి ఇక ఆగలేకపోయాను.

"నా ఉద్యోగం కావాలంటే నేరుగా అడగొచ్చు కదండీ!" అని అందరి ముందూ అనేశాను.

ఆమె చేతిలో ముద్ద ఆగిపోయింది. "వాడని లైసెన్సుని హైదరాబాదు ఆఫీసు వాళ్ళు లాగేసుకుంటారండీ. ఉయ్యూరు బస్సులో సీటుకి కర్చీఫ్ వేస్తాం చూడండి, అట్టా నా పేరు వేసి ఉంచా. పొద్దున పాప కబుర్లలో పడి తీయడం మర్చిపోయా."

అందరూ నవ్వారు. నేను మాత్రం తల దించుకుని క్యారేజీ మూత పెట్టేశాను.

ఇప్పుడు షకీలా గారు ప్రసూతి సెలవులో ఉన్నారు. ఆమె లైసెన్సు నా పేరు మీద ఉంది. ఎందుకు పెట్టుకున్నారని ఆమె నన్ను ఒక్క మాట కూడా అడగలేదు.

— ఒక పాఠకురాలు, విజయవాడ