ఛాతీ కొలిచిన ఏడాది

నిన్న సాయంత్రం మా మనవడి భార్య వంకాయలు తరుగుతూ, పక్కనే ఫోను పెట్టుకుని, మా మునిమనవడి స్కూలు వాళ్లు పంపిన కబురు నాకు చదివి వినిపించింది. ఈ ఏడాది నుంచి హైస్కూలు పిల్లలకి వారంలో కొన్ని పీరియడ్లు ఒంటి కోసమే కేటాయిస్తారట, యోగా, కరాటే, స్కేటింగు, బాస్కెట్‌బాలు, ఇంకా నా నోరు తిరగని డాన్సు ఏదో ఉందట, పిల్లవాడు తనకు నచ్చినది ఎంచుకోవచ్చునట, పైగా ప్రతి నెలా ఎత్తూ బరువూ ఛాతీ కొలిచి ఆ కొలతలు తల్లిదండ్రుల ఫోనుకి పంపుతారట. "మామ్మగారూ, వీడు దేంట్లో చేరితే బాగుంటుందంటారు?" అని ఆ అమ్మాయి ఎంతో మర్యాదగా అడిగింది. మామూలుగా అడగకపోయినా సలహా చెప్పే నోరు నాది, ఆ సంగతి మీద ఇంట్లో అందరూ నన్ను ఆటపట్టిస్తారు కూడా. కానీ ఆ ఛాతీ కొలతల మాట చెవిన పడేసరికి, మోకాళ్లు లాగుతున్నాయని వంక పెట్టి లేచి నా గదిలోకి వచ్చేశాను.

మీలో నా ఈడు వాళ్లు ఎవరైనా మిగిలి ఉంటే యుద్ధం రోజుల సంగతి మీకు నేను విడమరిచి చెప్పక్కర్లేదు. విశాఖపట్నం మీద బాంబులు పడ్డాక అక్కడి జనం మూటాముల్లే నెత్తిన పెట్టుకుని అనకాపల్లి దారి పట్టడం, చీకటి పడితే లాంతరు చుట్టూ నల్లకాగితం చుట్టుకోవడం, విమానం చప్పుడు వినిపిస్తే కళ్లాల్లో మనుషులు ఎక్కడివాళ్లక్కడ బోర్లా పడుకోవడం, బట్టకీ కిరసనాయిలుకీ బారులు తీరడం, ఇవన్నీ మనందరం పడ్డవే. మాది అనకాపల్లి పట్నానికి కూతవేటు దూరంలో ఉన్న పల్లె, కాస్త వరీ కాస్త చెరకూ పండించుకునే ఇల్లు. మా వైపు రైతుల ఇళ్లలో హైస్కూలు గడప తొక్కిన ఆడపిల్లలు వేళ్ల మీద లెక్క, నాకు ఆ భాగ్యం మా అన్నయ్య పుణ్యమా అని దక్కింది. చెరకు తోటల మధ్య బాటలో వాడు ముందు నడిచేవాడు, వాడి వెనకాల పరుగులాంటి నడకతో నేను. ఆలస్యంగా బడిలో వేసిన పిల్లవాడు కావడంతో ఆఖరి ఫారంలోకి, అంటే హైస్కూలు చివరి తరగతిలోకి వచ్చేసరికి వాడికి మీసకట్టు వచ్చేసింది, ఇంటి దూలం తగలకుండా తల వంచుకుని లోపలికి వచ్చేవాడు.

ఆ ఏడే మా స్కూల్లో ఆటల పీరియడు కొత్త పద్ధతిలోకి మారింది. అంతకుముందు అందరూ కలిసి అరగంట చేతులు ఆడించి ఇళ్లకి పోయేవాళ్లం. ఇప్పుడు మగపిల్లలు చెడుగుడు, తాలింఖానా కర్రసాము, డ్రిల్లు, ఈ మూడింట్లో ఒకటి ఎంచుకోవాలి. ఆడపిల్లలం గుప్పెడు మందిమి, మాకు కోలాటం గానీ రింగాట గానీ. నేను కోలాటం తీసుకుని, కర్రలు అందరి వేళ్ల మీదా వేసి, మూడోనాటికే రింగాటకి మారిపోయాను. అన్నయ్యకి మనసు సాము మీద ఉండేది, కానీ డ్రిల్లు తీసుకున్న వాళ్లకి ఖాకీ నిక్కరూ, కేన్వాసు జోళ్లూ, పీరియడు అయ్యాక దోసెడు నానబెట్టిన శనగలూ ఉచితంగా ఇస్తామన్నారు. ఇంట్లో పాత పంచెలు చింపి చొక్కాలు కుట్టించుకుంటున్న రోజులవి, కొత్త నిక్కరు అంటే ఎవడికి ఆశ ఉండదు? ఇవన్నీ ఎవరిస్తున్నారు, ఎందుకిస్తున్నారు అని ఒక్క తండ్రీ అడగలేదు. అడగాలని తెలియలేదు.

డ్రిల్లు మాస్టారు చెడ్డవాడు కాదు, ఆ మాట ముందే చెప్పాలి. కిందటి యుద్ధంలో పడవెక్కి మెసపటోమియా దాకా పోయి వచ్చిన మనిషి, పిల్లలంటే ప్రాణం పెట్టేవాడు, మిలటరీలో చేరడం అంటే ఆయన కళ్లకి నిజంగానే గొప్ప సంగతి. ప్రతి నెలా మొదటివారంలో ఆయన కుర్రవాళ్లని చొక్కాలు విప్పించి వరసగా నిలబెట్టి, గుడ్డటేపుతో ఛాతీ కొలిచేవాడు, ఊపిరి వదిలి ఒకసారి, పీల్చి ఒకసారి. ఫలానా కొలత దాటినవాడి జబ్బకి ఎర్ర పట్టీ కట్టేవాడు. రెండో నెలలోనే మా అన్నయ్యకి ఎర్ర పట్టీ వచ్చింది. అప్పుడప్పుడూ మైదానం అంచున ఒక మిలటరీ జీపు వచ్చి ఆగేది, అందులోంచి ఎవరూ దిగేవారు కాదు, కాసేపు చూసి వెళ్లిపోయేవారు. మేం రింగు విసురుకుంటూ ఆ జీపునే చూస్తూ ఉండేవాళ్లం, మా ఆట ఆ రోజుల్లో ఎందుకో సాగేది కాదు.

ఇక ఇంట్లో చూడాలి సంబరం. పొరుగు తల్లులు నూతి దగ్గర బిందెలు దించి, మావాడు ఇన్ని అంగుళాలంటే మావాడు ఇన్ని అని చెప్పుకునేవారు. మా అమ్మ ఓడిపోయే మనిషి కాదు. గానుగ ఆడే కాలం వచ్చింది కదా, పెనం మీది వేడి పాకం ముంతలో పోయించి తెచ్చేది, నువ్వులు దంచి బెల్లంతో ఉండలు కట్టేది, గేదె పాలు అమ్మకం మానేసి అన్నీ వాడి గ్లాసులోనే పోసేది. నాకు మీగడ తరక కూడా వచ్చేది కాదు, నేను మూతి ముడుచుకుని తిరిగేదాన్ని. మా నాన్నమ్మ ఒక్కతే మొదటి నుంచీ భయపడింది. వాడి జబ్బ మీది ఎర్ర పట్టీ చూసి, "అమ్మోరికి మొక్కిన పోతుకి ఇలాగే మేపి మేపి ఎర్రగుడ్డ కడతార్రా, తీసీరా నాయనా" అని వాడి వెంట పడింది. బతికున్న మనిషిని కొలిస్తే ఆయువు తరిగిపోతుందని ఆవిడ నమ్మకం. నాన్న కసురుకున్నాడు, "నువ్వూరుకోయే అమ్మా, కుర్రోడు బలంగుంటే నీకేటి నొప్పి?" అని.

బెల్లం సంతల జోరు తగ్గిన రోజుల్లో ఒక ఉదయం ఆ జీపు మైదానం మధ్య దాకా వచ్చింది. ఆఫీసరు దిగి, ఎర్ర పట్టీల వాళ్లని మళ్లీ కొలిచి, ఇష్టమున్న వాళ్లు ముందుకు రమ్మంటే కొందరు వెళ్లారు. ఆ పూట అన్నయ్య జ్వరంతో ఇంట్లో ఉండబట్టి మిగిలాడు. ఎవరినీ చెయ్యి పట్టి లాగలేదు, అదే విచిత్రం, అందరి ఎదుటా వెనక్కి తగ్గడానికి సిగ్గుపడి వెళ్లినవాళ్లే ఎక్కువ. పట్నంలో మాకు రవికలూ లాగులూ కుట్టే సాయిబుగారి కొడుకు కూడా ఎర్ర పట్టీ లేకపోయినా ముందుకు వెళ్లాడట, కానీ కొలతకి రాక వాణ్ని తిప్పి పంపేశారు. ఆ వారంలో అమ్మా నేనూ ఆయన దుకాణానికి వెళ్తే ఆయన మిషను ఆపి, కళ్లు తుడుచుకుంటూ, "సెల్లెమ్మా, మావోడికి ఛాతీ సాల్లేదని ఒగ్గేసేరు, అల్లా మేలు సేసేడు, ఆడి బక్కపేణమే ఆణ్ని కాపాడింది" అన్నాడు. ఆయన సంతోషం ఆయన చెప్పుకున్నాడు. అమ్మ మాత్రం ఇంటికి వచ్చే దాకా ఆ బక్కపేణం మాటే తనలో గొణుక్కుంటూ నడిచింది.

అన్నయ్యేమో మళ్లీ జీపు వస్తే తనూ ముందుకు వెళ్తానని స్నేహితులతో అనేశాడని నేనే ఇంట్లో చెప్పాను. నాన్న కేకలు వేశాడు, వాడు తల వంచుకుని విన్నాడు, విన్నట్టే ఉన్నాడు గానీ మాట ఇవ్వలేదు. మర్నాటి నుంచి మా ఇంట్లో తిండి తగ్గింది. ముందు పాలు పోయాయి, గేదె వట్టిపోతోందన్నారు. తర్వాత నువ్వుండలు పోయాయి. తర్వాత అన్నం కుండ చిన్నదైంది. సర్కారు వాళ్లు ధాన్యం తోలుకుపోయారని, గాదెలో మిగిలింది విత్తనాలకి ఉంచినదని అమ్మ చెప్పింది. రైతు ఇంట్లో విత్తనాల ధాన్యం అంటే దేవుడి సొమ్ముతో సమానం, ప్రాణం పోతున్నా దాని మూత తియ్యరు, అందుకని అన్నయ్య ఆ మాట నమ్మేశాడు. అది తిండిగింజలే అని, నిండుగా ఉందని నాకు తెలుసు. వాడి చెవిన వేస్తే చంపేస్తానని నాన్నమ్మ నా చేత ఒట్టు వేయించుకుంది. అబద్ధం బయటపడకుండా అందరం అరకడుపునే తిన్నాం, అమ్మ అందరికంటే తక్కువ తింది. ఎముకలు కనిపించేలా చేస్తే వాడు ఇంట్లో ఉంటాడని ఆ తల్లి లెక్క. నాన్నకి సంగతి తెలుసు, తెలిసి అరుగు మీద కూర్చుని చుట్ట కాల్చుకునేవాడు.

ఎదిగిన కుర్రవాడికి ఆకలి ఎలా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది. వాడు పళ్లెం వేలితో తుడిచి నాకేవాడు. బాట పక్కన చెరకు విరుచుకుని తోటలవాళ్ల చేత తిట్లు తిన్నాడు. వాడి బుగ్గలు లోపలికి పోయాయి, మెట్లెక్కితే ఆయాసపడేవాడు, ఇంట్లో ఎవరూ ఎవరి మొహమూ చూసేవాళ్లం కాదు. ఒక పొద్దున చద్దన్నం తిని లేవబోతూ, "అమ్మా, ఇంకో ముద్ద ఎయ్యవే" అన్నాడు. వాడు అలా నోరు తెరిచి అడగడం అదే మొదటిసారి. అమ్మ కుండ మీద చెయ్యి అడ్డం పెట్టి, "అయిపోనాది నాయనా" అంది. వాడు నవ్వి, నీళ్లు తాగి, పుస్తకాలు తీసుకున్నాడు.

ఆ రోజే జీపు మళ్లీ వచ్చింది. ఈసారి ఎవరూ టేపు తియ్యలేదు. యుద్ధం ముదిరిపోయి, కొండల్లో రోడ్లు వెయ్యడానికీ మోతలు మొయ్యడానికీ మనుషులు చాలక, ఎర్ర పట్టీ ఉన్నా లేకపోయినా, ఛాతీ ఉన్నా లేకపోయినా చెయ్యెత్తిన వాణ్నల్లా తీసుకున్నారు. అన్నయ్య చెయ్యెత్తాడు. సాయంత్రం రైలుకే వాల్తేరు పంపేస్తారని తెలిసి నేను మా ఊరి కుర్రవాణ్ని ఒకణ్ని ఇంటికి పరిగెత్తించి, స్టేషనుకి వెళ్లాను. ప్లాట్‌ఫారం మీద కుర్రవాళ్లందరికీ పూరీలు పంచుతున్నారు, వాడు రెండు చేతులా తింటున్నాడు, నన్ను చూసి సిగ్గుపడి మూతి తుడుచుకున్నాడు. నా నెత్తి మీద చెయ్యి వేసి, "ఏడవకు సెల్లీ. ఇంట్లో గింజల్లేవు గదా, ఒక నోరు తగ్గితే మీకే మంచిది. ఆళ్లు మూడుపూటలా కడుపునిండా పెడతారంట, నా వంతు అమ్మని తినమని సెప్పు" అన్నాడు.

గాదె నిండుగా ఉందని నేను వాడికి చెప్పలేదు. ఒట్టు గుర్తుకొచ్చి ఆగానో, ఏడుస్తూ ఉండిపోయానో ఇప్పటికీ తేల్చుకోలేను, ఇంతలో ఈల వేశారు, వాళ్లని ఎక్కించేశారు. నాన్న ఎద్దుబండి తోలుకుని వచ్చేసరికి పట్టాలు ఖాళీగా ఉన్నాయి. అమ్మ రాలేదు. కబురు వినగానే గాదె మూత బద్దలుకొట్టి, పెద్ద కుండ పొయ్యి మీద పెట్టిందట, వాడికి ఒక్కపూట నిండా పెట్టి పంపుదామని. మేం ఇంటికి వచ్చేసరికి ఆ కుండ ముందే కూర్చుని ఉంది. వాడు చెప్పమన్న మాట నేను ఉన్నదున్నట్టు చెప్పాను, చిన్నపిల్లని, దాచాలని నాకు తెలియలేదు. ఆ కుండలో అన్నం ఆ రాత్రి ఎవరం తినలేదు.

వాడి దగ్గర నుంచి ఒక కార్డు వచ్చింది, రొట్టెలు గట్టిగా ఉన్నాయి గానీ ఆకలి లేదు అని. తర్వాత అస్సాం వైపు ఎక్కడో అడవుల్లో విషజ్వరం తగిలి పోయాడని కబురు వచ్చింది. వాడి వెంట వెళ్లినవాళ్లలో కొందరు తిరిగొచ్చారు, పెళ్లిళ్లు చేసుకున్నారు. మా అమ్మ చాలా ఏళ్లు బతికింది. వచ్చినవాడు చుట్టమైనా కూలివాడైనా విస్తరి పొంగేలా వడ్డించేది, చాలంటే వినేది కాదు, మా ఆయన అత్తవారింటి భోజనం అంటే భయపడి వేళాకోళం చేసేవారు, సంగతి తెలిశాక మానుకున్నారు. అమ్మ మాత్రం తన కంచంలో మారు అన్నం ఎప్పుడూ వేసుకోలేదు. ఆ విషయం ఒక్కసారే ఎత్తింది, నా మొదటి కాన్పుకి పుట్టింటికి వచ్చినప్పుడు, బిడ్డని ఒళ్లో వేసుకుని: "కాలిరగ్గొట్టి మూల కూకోబెట్టినా బతికుండునే. కడుపు మాడ్సి పంపేసేను" అంది.

ఇప్పటి బళ్లు మంచివే, నేను కాదనను. దేనికి కొలుస్తున్నారో చెబుతారు, తల్లిదండ్రులని అడుగుతారు, మైదానం అంచున జీపులు ఆగవు. అంతకంటే నేను ఈ ఇంట్లో చూసే మార్పు వేరే ఉంది. ఆ అమ్మాయి కొడుకుని బస్సెక్కించేటప్పుడు రోజూ వాడి బుగ్గ నిమిరి, నువ్వు లేకపోతే నాకు తోచదురా అంటుంది, వాడు సిగ్గుపడి చెయ్యి తోసేస్తాడు, ఇద్దరూ నవ్వుకుంటారు. మా ఇళ్లలో తల్లులకి ఆ అలవాటు లేదు. ప్రేమైనా భయమైనా వాళ్లు అన్నంతోనే చెప్పేవారు, పెట్టి చెప్పేవారు, లేకపోతే పెట్టక చెప్పేవారు. నువ్వు వెళ్లిపోతే నేను బతకలేను నాయనా అని అమ్మ ఆ పొద్దున ఒక్క మాట అని ఉంటే వాడు ఆగిపోయేవాడు. నాకు వాడు బాగా తెలుసు, తప్పకుండా ఆగిపోయేవాడు.