డప్పు మోగని పన్ను

కొత్తకోటలో పెద్దరోడ్డు పక్కన మా ఆయనది లారీ టైర్లకు పంక్చర్లు వేసే కొట్టు. దాన్ని ఆనుకుని ఒక రేకుల డబ్బాలో నాది ఫోన్ల దుకాణం. మొదట ఎస్టీడీ బూత్‌గా పెట్టాను. చేతికో సెల్‌ఫోన్ వచ్చేసరికి బూత్ మూలన పడింది, రీచార్జి కార్డులు అమ్ముకోవడం మిగిలింది. గోటితో గీకితే వెండిపొర కింద అంకెలు బయటపడే కార్డులు. వాటితోనే మా ఇల్లు గడిచింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ ఆ కార్డులే మా ఖాలా కొంప మీదికి తెచ్చాయి.

ఖాలా అంటే మా అమ్మకు అక్క. బస్సులో అరగంట దూరంలో ఆమె ఊరు. భర్త పోయాడు, పిల్లల్లేరు. పాత చీరలూ లుంగీలూ పొరలుగా పేర్చి బొంతలు కుట్టి బతికేది. ఆమెకున్నదల్లా రెండు గదుల మట్టిమిద్దె. దానికి పట్టా లేదు, దస్తావేజు లేదు. ఊరి నడుమ ఉన్న ఇళ్లు చాలావరకు అంతే. పంచాయతీ వేసిన ఇంటి నంబరు, ఏటా కట్టే ఇంటిపన్ను రసీదు, ఆ రెండే ఆధారం. ఇల్లు ఇంకా పోయిన మనిషి పేరు మీదే ఉంది. రసీదు కింద మాత్రం 'ఫలానావారి ద్వారా' అని డబ్బు కట్టినవారి పేరు రాస్తారు. అక్కడ ఏటా ఖాలా పేరు పడేది. ఎవరు పన్ను కడితే ఇల్లు వాళ్లది అని ఊరి లెక్క. చట్టం ఏమంటుందో నాకు తెలియదు, ఊరు మాత్రం అదే అంటుంది.

వెనక గోడకు అవతల ఆమె మరిది ఇల్లు. ట్రాక్టర్ కొన్నప్పటినుంచీ ఆయన కళ్లు ఈ మిద్దె మీదే. "అన్న పోయినంక అన్న ఇల్లు తమ్మునిది గాదా? భాబీది ఒక్క పానం, గంత ఇల్లేం జేసుకుంటది?" అని చాయ్ హోటల్ కాడ నలుగురిలో అనేవాడు. అందుకే పన్ను నెల దగ్గర పడితే ఖాలాకు అన్నం సయించేది కాదు. మార్చిలో డప్పు కొట్టి చాటింపు వేసేవారు. ఆ తర్వాత కారోబార్, అంటే పంచాయతీకి పన్నులు వసూలు చేసే మనిషి, గడపగడపకూ తిరిగేవాడు. ఆయన ఈమె గడపదాకా ఎన్నడూ రాలేదు. డప్పు చప్పుడు వినపడగానే ఈమే కొంగున డబ్బు ముడేసుకుని పోయి పంచాయతీ మెట్ల మీద కూర్చునేది.

ఆ ఏడు చలి తగ్గుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం నా దుకాణానికి వచ్చింది. ఎప్పుడూ పది రూపాయల కార్డు కొనే మనిషి, "పెద్ద కార్డులు గావాలె బిడ్డా, ఉన్నన్ని ఇయ్యి" అంది.

"పెద్దవా? ఎవరికి ఖాలా?"

"గద్వాలల మీ అన్నకు మాట్లాడదామని."

"అన్న నాకే ఫోన్ ఎత్తడు, నీతోటి గంటలు గంటలు మాట్లాడతడా? ఎవరికి చెప్తున్నవ్? సక్కగ చెప్పు!"

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, రోడ్డు మీద అందరికీ తెలుసు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బొటబొటా కన్నీళ్లు కార్చింది. ఫోన్‌లో మెసేజ్ వచ్చిందట. లాక్కుని చూశాను. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు. ఇంటిపన్ను బాకీ ఉంది, వెంటనే కట్టకపోతే ఇంటి నంబరు రద్దు చేసి వేరేవారి పేరున రాస్తాం, ఈ నంబరుకు ఫోన్ చేయండి అని ఉంది.

"నీకు చదువు రాదు గద, గిది ఎవరు చదివి చెప్పిన్రు?"

"బస్సుల పక్కకు కూసున్న పిల్ల."

"ఊళ్లె మనుషులు లేరా? బడి సారు లేడా?"

"ఊళ్లె చదివిపిస్తె నా మరిది చెవులవడదా? బాకీ ఉన్నదని తెలిస్తె వాడు ఉరికి పోయి కట్టడా?"

మెసేజ్ పంపినవాడికి ఈమె మరిది సంగతి తెలియదు. కానీ ఎక్కడ గుచ్చితే నొప్పో అక్కడే గుచ్చాడు. అక్షరాలు రాకపోయినా ఈమెకు అంకెలు వచ్చు, ఆ నంబరుకు ఫోన్ చేసింది. అవతల మనిషి చాలా మర్యాదగా మాట్లాడాడట. "ఆఫీసుదాకా మీకెందుకమ్మా శ్రమ, కార్డులు కొని గీకి అంకెలు చెప్పండి చాలు, రసీదు ఇంటికే పంపుతాం, ఎవరికీ చెప్పకండి" అన్నాడట. నన్నడిగితే నేను నిలదీస్తానని బస్టాండు దగ్గర వేరే దుకాణంలో కొని, బొంతల మీద కూడబెట్టిన దాంట్లో సగం అప్పటికే వాడికి చదివేసింది. ఇవాళ ఆ దుకాణంలో పెద్ద కార్డులు అయిపోయాయి కాబట్టి నా దగ్గరికి వచ్చింది.

అంతలో పక్క షెడ్డు మెకానిక్ వచ్చాడు. "అక్కా, జర గిది చూడు" అని ఫోన్ చాపాడు. అక్షరం పొల్లుపోకుండా అదే మెసేజ్.

"మాది ఉప్పునుంతల. ఈడ షెడ్డులనే పండుకుంట. నాకు ఇల్లెక్కడిది అక్కా, పన్నెక్కడిది?" అని నవ్వాడు.

నేను ఆ నంబరుకు ఫోన్ కలిపాను. అందరికీ వినపడేటట్టు పెట్టాను. ఇంటి నంబరు చెప్పమన్నాడు. మా ఆయన ముందు జాకీ మీద ఒక లారీ నిలబడి ఉంది. దాని నంబరు ప్లేటు చూసి అంకెలు చదివాను.

"అవునమ్మా, మీది రెండేళ్ల బాకీ కనిపిస్తుంది" అన్నాడు వాడు, తడుముకోకుండా.

"లారీకి ఇంటిపన్నారా నీ నోట్ల మన్నువడ! ముసలామె పైసలు తింటవా? నీకు అరుగుతదారా?" అని ఇంకా నాలుగు అన్నాను, అవి ఇక్కడ రాయను. వాడు పెట్టేశాడు. మెకానిక్ పడీపడీ నవ్వాడు, మా ఆయన కూడా నవ్వాడు. ఖాలా నవ్వలేదు.

"మరి నేను చెప్పిన అంకెలు?" అంది.

"పోయినయి ఖాలా."

"రసీదు?"

"రాదు. ఏ పంచాయతీ గూడ కార్డులు గీకి పన్ను తీసుకోదు. అడిగెటోడు ఇంటికొస్తడు, పైసలు తీసుకోంగనే నీ ముందలనే రసీదు రాస్తడు. ఎవరికీ చెప్పొద్దన్నడంటెనే వాడు దొంగ."

పోలీసుల దగ్గరికి పోదాం అంటే చేతులు పట్టుకుని వద్దంది. ఊరికి తెలుస్తుందని ఆమె భయం. కాసేపటికి కళ్లు తుడుచుకుని, "అసలు డప్పు మోగకుంట పన్ను ఎన్నడొచ్చింది? నాకప్పుడే తట్టాలె. ఇగ డప్పు ఇనవడితెనే కడుత, లేకుంటె ఎవ్వనికియ్య" అంది. ఆ మాట నాకూ బాగానే అనిపించింది. మిగిలిన డబ్బు మళ్లీ ముడేసుకుని బస్సెక్కింది. నేను అట్టముక్క మీద 'పన్ను కట్టమని మెసేజ్ వస్తే కార్డు కొనకండి' అని రాసి దుకాణానికి వేలాడదీశాను. దాంతో బేరం కొంచెం పడిపోయింది. పోతే పోయింది.

మార్చి వచ్చింది. ఆ ఏడు మా దిక్కున వానల్లేవు. డప్పు కొట్టే మనిషి పెళ్లాం పిల్లలతో పుణెకు కూలికి వెళ్లిపోయాడు. పంచాయతీవాళ్లు ఇంకొకరిని చూసుకోలేదు. పాత కారోబార్ పని మానేశాడు, కొత్తాయన వచ్చాడు. ఆయన నేరుగా ఖాలా తలుపు తట్టి ఇంటిపన్ను అన్నాడు.

"డప్పేది? నీ మొకం నేనెన్నడు సూడలే. పో ఈడికెళ్లి!"

ఆయన మళ్లీ వచ్చాడు. పాలతో నోరు కాలినవాడు మజ్జిగను కూడా ఊదుకుని తాగుతాడని మా ఇళ్లలో సామెత. ఈమె మజ్జిగను పారబోసింది. చీపురు తిరగేసి ఆయన్ని వీధిదాకా తరిమింది. వెనక గోడ మీదినుంచి మరిది అంతా చూస్తున్నాడు. దిగి వచ్చి, "మా అన్న ఇల్లే సారు, నేను కడుత రాసుకో" అన్నాడు.

సంగతి ఖాలా ఎదురింటామె ఫోన్ చేసి చెప్పింది. దుకాణం మా ఆయనకు వదిలేసి ఉన్నపళంగా బస్సెక్కాను. ముందు మరిది ఇంటికే పోయాను.

"చాచా, రసీదు ఇయ్యి."

"తీస్కో బిడ్డా. సూసి మల్ల నాకు తెచ్చియ్యి. భాబీ సర్కారు మనిషినే చీపురు తోటి కొట్టవాయె. మన ఇజ్జత్ పోతదని కట్టిన. తప్పా?"

ఆ తియ్యటి నవ్వుకు నా ఒళ్లు భగ్గున మండింది. కానీ ఏమని తిట్టను? పట్టపగలు, నలుగురు చూస్తుండగా, సరైన పన్ను సరైన చోట కట్టాడు.

ఖాలా లోపల సగం కుట్టిన బొంత మీద కూర్చుని ఉంది. సంగతి అప్పటికే తెలిసినట్టుంది. నా చేతిలో కాగితం చూసి, "సదువు" అంది. పోయిన మనిషి పేరు చదివాను, ఇంటి నంబరు చదివాను, అక్కడ ఆగిపోయాను.

"ద్వారా అన్నకాడ ఎవరున్నరు?"

ఆమె నా ముఖంలోకే చూస్తోంది. ఆ చూపుకు తట్టుకోలేక, "నీ పేరే ఉంది ఖాలా" అనేశాను.

కాగితం తీసుకుని నేలమీద పరిచింది. చదువు రాకపోయినా ఏటా ఆ చోటే చూసుకున్న మనిషి. ద్వారా అన్న దగ్గర వేలు పెట్టి, అక్షరాల వెంట మెల్లగా చివరిదాకా జరిపింది. అక్కడే కాసేపు ఉంచింది.

"నా పేరు గింత పొడుగుండదు" అంది.

కాగితం మడిచి నా చేతిలో పెట్టింది. "పో, వానిది వానికిచ్చి రా" అంది. నేను గడప దాటుతుంటే వెనకనుంచి, కోపం లేకుండానే అడిగింది.

"నువ్వు గూడ నాకు దొంగ మెసేజే సదువుతవా బిడ్డా?"